ఫైరింజన్లో ఇంజను ఏది?

(అగ్నిమాపక వారోత్సవాలప్పుడు కందుకూరులో, డ్రైవర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకా గట్టిగా మాట్లాడతా. గట్టిగా మాట్లాడటం నాకు అలవాటే. ముప్పై ఏళ్లు నెత్తిమీద సైరన్ పెట్టుకుని బండి తోలినవాణ్ణి. చెవి కొంచెం మందం. మీరు ఏదన్నా అడిగినా గట్టిగానే అడగండి, ఏమీ అనుకోను.

ఇందాక అందరం ఒక నిమిషం లేచి నిలబడ్డాం కదా. ఎందుకు నిలబడ్డామో పిల్లలకు తెలుసా? 1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అని ఒక ఓడ. అందులో పత్తి బేళ్లున్నాయి, పేలుడు సామాను కూడా ఉంది. రెండూ ఒకే ఓడలో! మధ్యాహ్నం పొగ కనిపించింది. ఫైర్ వాళ్లు ఓడ మీదికెక్కి గొట్టాలు పట్టారు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలింది. మనవాళ్లు 66 మంది పోయారు. అందుకే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ వారంలో బ్యాడ్జీ పెట్టుకుని కరపత్రాలు పంచాను. మాట్లాడమని మైకు ఇవ్వడం మాత్రం రిటైరయ్యాకే.

సరే, విషయానికొద్దాం. పాత ఫైరింజన్ల గురించి, రకరకాల ఫైర్ బండ్ల గురించి చెప్పమన్నారు. ముందు ఒకటి అడుగుతా. ఫైరింజన్ అంటే ఏంటి? చెప్పండి పిల్లలూ. ఎర్ర లారీ. ఇంకా? గంట. నిచ్చెన. ఇంకా? సైరన్. బాగుంది. ఇప్పుడు రంగు గీకేద్దాం. గంట పీకేద్దాం. సైరన్, నిచ్చెన తీసేద్దాం. ఆఖరికి లారీని కూడా తీసేద్దాం. ఇంకేం మిగిలింది?

పంపు మిగిలింది. అదీ ఫైరింజనంటే. ఇంగ్లీషు వాళ్లు ఇంజన్ అని ఆ మాట పెట్టిన రోజుల్లో పెట్రోలు లేదు, డీజిలు లేదు. మనుషులు చేత్తో కొట్టే పంపునే ఫైరింజన్ అన్నారు. మన ఊళ్లలో మాత్రం తక్కువా? "కాలవ మీద ఇంజను పెట్టి నీళ్లు తోడుతున్నాం" అంటాం. లారీ గురించా అంటున్నాం? పంపు గురించి. పేరు మనవాళ్లే సరిగ్గా వాడుతున్నారు! అందుకని ఈ సాయంత్రం నేను ఏ బండి గురించి చెప్పినా మీరు ఒకటే ప్రశ్న వేసుకోండి. దీని పంపు ఎక్కడుంది, దానికి నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి? అది తెలిస్తే బండి మొత్తం తెలిసినట్టే. బయట గేటు దగ్గర స్టేషన్ వాళ్లు బండి తెచ్చి పెట్టారు, చూశారుగా. చివర్లో అందరం దాని దగ్గరికి పోదాం.

ఈ పంపు ఎప్పటిదనుకుంటున్నారు? క్రీస్తుకు ముందే అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అని ఒకాయన రెండు పిస్టన్ల పంపు చేశాడు. ఒకటి పైకి పోతే ఒకటి కిందికి. తర్వాత ఐరోపాలో జనం దాన్ని చాలాకాలం మర్చేపోయారు. 1666లో లండన్ తగలబడితే వాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది ఏంటో తెలుసా? ఇత్తడి పిచికారీలు. హోలీకి మన పిల్లలు రంగునీళ్లు కొట్టుకుంటారే, అదే, ఇంకాస్త పెద్దది. ఒక్కోదానికి ముగ్గురు మనుషులు. నాలుగు రోజులు కాలింది ఊరు.

ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డెర్ హేడెన్ అని ఒకాయన. వృత్తి ఏంటి? బొమ్మలు గీయడం. పెయింటరు! ఆయన 1672 ప్రాంతంలో, తమ్ముడితో కలిసి తోలు గొట్టం కనిపెట్టాడు. అప్పటిదాకా పంపుకే ఒక మూతి ఉండేది. మంట ఎంత దూరంలో ఉంటే పంపును అంత దూరం ఈడ్చుకుపోవాలి. గొట్టం వచ్చాక పంపు నీళ్ల దగ్గరే ఉంటుంది, మనిషి మంట దగ్గరికి పోతాడు. చూడ్డానికి చిన్న మార్పే. నన్నడిగితే ఈ మూడు వందల యాభై ఏళ్లలో ఇంతకన్నా పెద్ద మార్పు ఇంకోటి రాలేదు. తోలు గొట్టమేంటి అని నవ్వకండి. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలిన ఇళ్లవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? అదిగో, ఆ పెద్దాయన తల ఊపుతున్నారు. కపిల బానకు కింద తోలు తొండం ఉండేది, అవునా అయ్యా? దానికి నూనె పట్టించకపోతే ఎండి పగిలేది. వాళ్ల తోలు గొట్టానికీ అదే గతి. కొవ్వు రాసి రాసి మెత్తగా ఉంచుకోవాలి.

తర్వాత యాభై ఏళ్లకు లండన్‌లో రిచర్డ్ న్యూషామ్ చేత్తో కొట్టే పంపులు చేసి అమ్మాడు. నీళ్లతొట్టి, మధ్యలో రెండు పిస్టన్లు, రెండు పక్కలా పొడుగాటి కడ్డీలు. ఇటు పదిమంది, అటు పదిమంది. వీళ్లు తొక్కితే వాళ్లది లేస్తుంది. ఎంతసేపు కొట్టగలరు? మన వీధి బోరింగు పది బిందెలు కొడితేనే రొమ్ము ఎగరేస్తాం. వాళ్లు గంటల తరబడి కొట్టాలి. అందుకని రోడ్డున పోయే జనాన్ని పిలిచి కొట్టించేవాళ్లు. కూలి డబ్బులిచ్చేవాళ్లు, పైన బీరు కూడా పోసేవాళ్లు. బీరు ఆగితే పంపు ఆగేది. నవ్వుతున్నారు గానీ, మన దగ్గర గడ్డివాము అంటుకున్నప్పుడు సాయం వచ్చిన కుర్రాళ్లకు రైతు ఏం చేస్తాడో మీకు తెలియదా? టీ అని మాత్రం అనకండి.

బోరింగు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. బోరింగు కొడితే నీళ్లు ఎలా వస్తాయి? బుడుక్కున వస్తాయి, ఆగుతాయి, మళ్లీ బుడుక్కున వస్తాయి. పిస్టన్ పంపు ఏదైనా అంతే. అలా ఎగిరెగిరి పడే నీళ్లతో మంట మీద గురి ఎలా పెడతాం? దానికి వాళ్లు పంపు పక్కనే మూసేసిన గాలిబుడ్డి ఒకటి పెట్టారు. నీళ్లు తోసినప్పుడు బుడ్డిలో గాలి నలుగుతుంది. తోపు ఆగినప్పుడు ఆ నలిగిన గాలి తిరిగి నీళ్లను తోస్తుంది. ధార తెగకుండా పోతుంది. అమెరికాలో ఆరెన్స్ ఫాక్స్ అని పాత బండ్లున్నాయి. ముందు వైపు ఇంత పెద్ద గుండ్రటి తళతళలాడే గోళం ఉంటుంది. ఫొటో చూసినవాళ్లంతా అది అందానికి పెట్టారనుకుంటారు. అందానికి కాదు నాయనా, అది ఆ గాలిబుడ్డే!

ఇక ఆవిరి. 1829లో బ్రెయిత్‌వెయిట్, ఎరిక్సన్ అని ఇద్దరు లండన్‌లో ఆవిరి పంపు చేశారు. గుర్రాలు లాగుతాయి, ఆవిరి నీళ్లు తోడుతుంది. మరి లండన్ ఫైర్ వాళ్లు సంబరపడ్డారా? లేదు, ముప్పై ఏళ్ల దాకా పక్కన పెట్టేశారు. అప్పటి అధికారి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. ఎడింబరోలో 1824లో ఫైర్ దళం కట్టి, తర్వాత లండన్ వచ్చినాయన. మనిషి లోపలికి పోయి మంట మొదట్లో నీళ్లు కొట్టాలి, దూరంగా నిలబడి వరద పారించకూడదని ఆయన పట్టు. ఆ మాట ఇప్పటికీ మాకు ట్రైనింగులో చెబుతారు. పొగ మీద కొట్టకురా, మంట మొదలు చూసి కొట్టు అని. 1861లో టూలీ స్ట్రీట్ గోదాముల మంటలో గోడ కూలి ఆయన చనిపోయాడు. ముందు నిలబడి చేయించేవాడు, ముందే పోయాడు.

ఆవిరి పంపుతో ఒక తమాషా ఉంది. మంట ఆర్పడానికి పోవాలంటే ముందు మనం మంట పెట్టాలి! బాయిలర్ కింద నిప్పు రాజేసి, గుర్రాలు పరిగెత్తుతుంటే దారిలో ఆవిరి పుట్టించుకోవాలి. సుమారు పది నిమిషాలు. పొగగొట్టం లోంచి నిప్పురవ్వలు రాలుతూ పోయేదట బండి. మా పూరిపాకల మధ్య అది పోయుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

మోటారు వచ్చింది 1904లో. లండన్ పక్కన ఫించ్‌లీ అనే ఊరికి మెర్రీవెదర్ కంపెనీ ఒక బండి ఇచ్చింది. అందులో గొప్ప ఏంటంటే, రోడ్డు మీద బండిని నడిపిన పెట్రోలు ఇంజనే, అక్కడికి పోయాక పంపును కూడా తిప్పింది. నేను తోలిన ప్రతి బండీ దాని మనవడే. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ నొక్కి, పీటీవో లివరు వేస్తే ఇంజను బలం చక్రాలకు పోకుండా పంపుకు పోతుంది. డ్రైవర్ అక్కణ్ణించి ఆపరేటర్. మా పోస్టు పేరు చూశారా? డ్రైవర్ ఆపరేటర్. తోలడం సగం ఉద్యోగం. బండి ఆగాక మిగతా సగం మొదలు. అందరూ గొట్టం పట్టుకుని ముందుకి ఉరికితే, మేం వెనకాల గేజి చూసుకుంటూ నిలబడతాం. ఫొటోలో ఎప్పుడూ మేం ఉండం. ఇది ఫిర్యాదు కాదులే, మాట వరసకి చెప్పా.

ఆ రోజుల బండి చూడాలంటే ఢిల్లీ రైల్వే మ్యూజియంలో ఒకటుంది. 1914లో ఇంగ్లండులో సాల్‌ఫర్డ్ ఊళ్లో జాన్ మోరిస్ అండ్ సన్స్ వాళ్లు చేసింది. అది ఎవరిదనుకున్నారు? నిజాం రైల్వేది. మన హైదరాబాదు బండి! ఇప్పటికీ నడుస్తుంది, ఢిల్లీ పాత కార్ల ర్యాలీలో పాల్గొంటుంది. గాలి టైర్లు కావు, గట్టి రబ్బరు టైర్లు. పైన కప్పు లేదు. నేను ఒకసారి పని మీద పోయి గంటసేపు దాని చుట్టూ తిరిగాను. నాతో వచ్చినవాళ్లు రైళ్లు చూస్తున్నారు, నేను దీన్ని చూస్తున్నాను. ఆ గట్టి టైర్ల మీద ఆ స్టీరింగు తిప్పినవాడి భుజాలు ఎట్టుండేవో అనుకున్నా.

అలాంటి పాత బండ్లలో మనుషులు ఎక్కడ కూర్చునేవాళ్లో తెలుసా? బండికి రెండు పక్కలా, రోడ్డు వైపు మొహం పెట్టి, కడ్డీ పట్టుకుని. ఆ బాడీకి బ్రెయిడ్‌వుడ్ బాడీ అనే పేరు. దిగడం క్షణంలో పని. కాకపోతే మలుపు గట్టిగా తిప్పితే బండి ఆగకముందే దిగిపోతారు! అలా పడి పోయినవాళ్లున్నారు. 1930ల తర్వాతే మనుషుల్ని లోపల కూర్చోబెట్టి తలుపులు వేసే బండ్లు బాగా వచ్చాయి.

ఇప్పుడు అసలు కథకొస్తా. ఇది నేను పడ్డ అవమానం.

ఏ ఊరో చెప్పను. పొగాకు సీజన్, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ అంటుకుంది. ఇక్కడ కూర్చున్న సగం మందికి బ్యారన్ గురించి నేను చెప్పక్కర్లేదు. బయట పొయ్యి, లోపల నేల మీద రేకు గొట్టాలు, పైన కర్రలకు కట్టి వరసలు వరసలుగా ఆకు. ఐదారు రోజులు ఎండాక ఆకు అప్పడంలా ఉంటుంది. ఒక్క ఆకు జారి కింద ఎర్రగా కాగిన గొట్టం మీద పడితే చాలు. మేం పోయేసరికే పైకప్పు దాటింది. మా ట్యాంకు నీళ్లు కొట్టాం, అయిపోయాయి. పక్కనే బావి. ఎండాకాలం, నీళ్లు లోతున ఉన్నాయి, కానీ కనిపిస్తున్నాయి. తళతళ మెరుస్తున్నాయి. సక్షన్ గొట్టం దించాను. గొట్టంలో గాలి తీసే ప్రైమర్ వేశాను. ఇంజను రైజ్ చేశాను. గేజి ముల్లు కదలదు. ఇంకో గొట్టం జోడించాను. కదలదు. రైతు నా పక్కన నిలబడి, "ఏందయ్యా, నీళ్లు కళ్ల ముందు కనపడుతుంటే తోడలేవా? ఇంత పెద్ద బండి ఎందుకు నీకు?" అన్నాడు. ఊరంతా విన్నది.

ఎందుకు తోడలేకపోయాను? చెప్పండి. బండి పాతదా? కాదు. ఇంజనులో బలం లేదా? ఉంది. మరి?

గ్లాసులో స్ట్రా పెట్టి కొబ్బరినీళ్లు తాగుతాం. మనం లాగుతున్నాం అనుకుంటాం. లాగడం లేదు. స్ట్రాలో గాలి మనం తీసేస్తే, బయట ఉన్న గాలి నీళ్ల మీద కూర్చుని నొక్కుతుంది. ఆ నొక్కుడుకి నీళ్లు పైకొస్తాయి. పంపు కూడా అంతే, గొట్టంలో గాలి తీసి ఊరుకుంటుంది. నీళ్లను పైకి నెట్టేది ఈ ఆకాశంలో గాలి. ఆ గాలి బరువు ఎంతంటే, నీళ్లను 10 మీటర్ల పైచిలుకు మాత్రమే నెట్టగలదు. అదీ లెక్క ప్రకారం. పనిలోకి దిగితే 7 మీటర్లు, మహా అయితే 8. ఆ తర్వాత మీరు వంద గుర్రాల ఇంజను పెట్టండి, వెయ్యి గుర్రాలది పెట్టండి, ఒక్క జానెడు కూడా ఎక్కువ రాదు. ఆ బావిలో నీళ్లు అంతకన్నా లోతున ఉన్నాయి. నాకు తెలుసు. తెలిసి కూడా గొట్టం దించాను, ఎందుకంటే పక్కన మనిషి ఏడుస్తున్నాడు.

ఈ సంగతి ఆ రైతుకు తెలియదా? తెలుసు, తెలుసని ఆయనకు తెలియదు, అంతే. ఎందుకంటే మన మెట్టప్రాంతం బావుల్లో మోటారు ఎక్కడ పెట్టేవాళ్లు? ఒడ్డున పెట్టేవాళ్లా? బావి లోపలికి దిగి, సగం లోతున అరుగు కట్టి దాని మీద పెట్టేవాళ్లు. వాన పడి నీళ్లు పెరిగితే మోటారు మునిగిపోతుందని రాత్రిపూట తాళ్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లం, నాకు బాగా గుర్తు. అంత కష్టం ఎందుకు పడ్డారు? ఈ 7 మీటర్ల లెక్క కోసమే. పంపు నీళ్లకు దగ్గరగా ఉండాలి. నా బండిని నేను బావిలోకి దించలేను కదా!

ఇంకోటి. మోటారు వేసే ముందు బకెట్‌తో నీళ్లు పోస్తారు, ఎందుకు? ఇప్పటి పంపుల్లో పిస్టన్ లేదు, లోపల చక్రం గిరగిరా తిరిగి నీళ్లను విసురుతుంది. డెన్నిస్ కంపెనీ 1908లో తన మొదటి ఫైరింజనుకే ఈ రకం పంపు పెట్టింది. ధార తెగదు, ఎగిరిపడదు. గాలిబుడ్డి అక్కర్లేదు. అన్నీ మంచి గుణాలే గానీ ఒక్క లోపం ఉంది. గాలిని విసరలేదు. లోపల నీళ్లు ఉంటేనే నీళ్లు లాగుతుంది. అందుకని రైతు గొట్టం అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వు పెట్టి పైనించి నీళ్లు పోస్తాడు. మేం ప్రైమర్ అని చిన్న సాధనంతో గాలి బయటికి లాగేస్తాం. పని ఒకటే. సక్షన్ గొట్టం జాయింటు దగ్గర వాషర్ వెంట్రుకంత పక్కకి జరిగినా గాలి పీలుస్తుంది, ఇక రాదు. పొద్దున్నే డ్యూటీ ఎక్కగానే మేం చూసేది అదే. టైర్లు తర్వాత.

ఆ బ్యారన్ ఏమయిందంటారా? దక్కలేదు. ఆయన బోరు నీళ్లే మా ట్యాంకులోకి నింపుకుని పక్క బ్యారన్‌కు అంటకుండా కాపాడాం. ఆయన మాతో మళ్లీ మాట్లాడలేదు. అప్పుడు అక్కడ ఒక పెద్దమనిషి బీడీకి నిప్పు కోసం చూస్తున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని సామెత ఉందే, అది ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు మీకు ఒక అనుమానం రావాలి. పాత ఇంగ్లీషు బండ్లలో నీళ్ల ట్యాంకు చిన్నది, కొన్నింట్లో అసలే లేదు. మరి మన బండి అంతా ట్యాంకే. ఎందుకు? వాళ్ల ఊళ్లలో రోడ్డు కింద నీళ్ల పైపు ఉంటుంది, మూత తీసి గొట్టం తగిలిస్తే నీళ్లు. పంపు తీసుకుపోతే చాలు. మన ఊళ్లలో రోడ్డు కింద ఏముంటుందో మీకు తెలుసు. అందుకని మనం నీళ్లు వెంట తీసుకుపోతాం. దీన్ని వాటర్ టెండర్ అంటాం. మామూలుగా 4500 లీటర్లు. ఎంతసేపు వస్తాయి? పంపు నిమిషానికి 1800 లీటర్లు తోయగలదనుకోండి. పూర్తిగా వదిలితే రెండున్నర నిమిషాలు! అంతే. అలా వదలం కాబట్టి, ఒక గొట్టం మీద నిమిషానికి ఐదొందలు లెక్కేసినా తొమ్మిది నిమిషాలు. జనం ఏమంటారు? "నీళ్లు లేకుండా వచ్చార్రా." తెచ్చాం తల్లీ, అయిపోయాయి. మళ్లీ నింపుకు రావడానికి పోతే, "పారిపోతున్నార్రా" అంటారు. ఇల్లు కాలే వేళ బావి తవ్వినట్టు అంటారు కదా, మా పని ఇల్లు కాలే వేళ బావి వెతకడం. మీ ఊళ్లో చెరువు ఎటు, బండి దాని గట్టు దాకా పోతుందా, ఎవరి బోరుకు ధార ఎక్కువ, ఇవి మాకు ఫోన్‌లోనే చెప్పండి. 101 కొట్టి "మంట, త్వరగా రండి" అని పెట్టేస్తే ఎట్టా?

4500 లీటర్లంటే నాలుగున్నర టన్నులు. అది ఊరుకునే బరువు కాదు, ఊగే బరువు. బ్రేకు కొడితే బండి ఆగుతుంది, నీళ్లు ఆగవు. అందుకని ట్యాంకు లోపల అడ్డంగా చిల్లుల రేకులు పెడతారు. అయినా సగం ఖాళీ అయిన ట్యాంకుతో మలుపు తిప్పడం నిండు ట్యాంకు కన్నా భయం. నిండు బిందె ఊగదు కదా, సగం బిందే ఊగుతుంది. కొత్తగా వచ్చే డ్రైవర్లకు నేను మొదటిరోజు చెప్పేది ఇదే.

అన్నట్టు రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు ట్రెయిలర్ పంపులు బాగా వాడకంలోకి వచ్చాయి. రెండు చక్రాల మీద ఇంజను, పంపు. జీపుకో కారుకో తగిలించి ఈడ్చుకుపోవడమే. బాంబులు పడి రోడ్డంతా ఇటుకలైతే మనుషులే నెట్టుకుపోవచ్చు. ఇంగ్లండులో కోవెంట్రీ క్లైమాక్స్ కంపెనీ వీటికి పేరు. యుద్ధం అయ్యాక తేలిగ్గా ఉండే ఫైర్ పంపు ఇంజను ఒకటి చేశారు. దాన్ని చూసి రేసు కార్ల వాళ్లు మాకివ్వండి అన్నారు. అదే కంపెనీ రేసు ఇంజన్లతో కూపర్ కార్లు 1959, 1960 రెండేళ్లూ ఫార్ములా వన్ గెలిచాయి. బైకుల పిచ్చి ఉన్న కుర్రాళ్ల కోసం చెప్పా ఇది. ఫైర్ పంపు చేసే చేతుల్లో పుట్టిన రేసు ఇంజను!

సరే, మిగతా బండ్లు తొందరగా చెప్పేస్తా, టైము అవుతోందని అక్కణ్ణించి చూపిస్తున్నారు.

ఇంట్లో బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొచ్చా? పోయకూడదు. అమ్మలందరికీ తెలుసు. నీళ్లు బరువు, నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై నూనెను మంటతో సహా పైకి ఎగజిమ్ముతాయి. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1700 లీటర్ల చోటు కావాలి. అదే బాణలిని కృష్ణపట్నం పోర్టు పక్కన ఉన్న వంటనూనె ట్యాంకు అంత ఊహించుకోండి. అక్కడికి కావాల్సింది ఫోమ్ టెండర్. నీళ్లలో మందు కలిపి నురగ చేసి, నూనె మీద దుప్పటిలా పరుస్తుంది. గాలి తగలదు, మంట పోతుంది. ఇంకో బండి ఉంది, డీసీపీ టెండర్. దాంట్లో నీళ్లే ఉండవు, పొడి ఉంటుంది. కొన్నింట్లో వంట సోడాయే ప్రధానం. గ్యాసు పీడనంతో చల్లుతుంది.

విమానాల దగ్గర ఉండే బండి ఇంకో జాతి. మొన్న 2022 డిసెంబరులో కొరిసపాడు దగ్గర హైవే మీద యుద్ధవిమానాలు కిందికి వచ్చి పోయాయి, మీలో చాలామంది చూడ్డానికి పోయారు. ఎయిర్‌పోర్టు బండికి లెక్క నిమిషాల్లో ఉంటుంది. రన్‌వేలో ఏ మూలకైనా మూడు నిమిషాల్లోపు చేరాలి, కుదిరితే రెండే. నేను చెప్పానే, బండి ఆపి పీటీవో వేయాలని? అక్కడ అంత తీరిక లేదు. పరిగెత్తుతూనే నురగ కొట్టాలి. అంటే చక్రాలకూ పంపుకూ ఒకేసారి బలం కావాలి. అందుకే ఆ బండి అంత పెద్దది, అంత ఖరీదు. చాలాచోట్ల రంగు కూడా ఎరుపు కాదు, నిమ్మపండు పసుపు. ఇందాక ఎర్ర లారీ అన్న పిల్లవాడెవరు? విన్నావా అబ్బాయ్?

నిచ్చెన బండ్ల గురించి ఒక్క మాట. జర్మనీలో ఊల్మ్ ఊళ్లో మాగిరుస్ అని ఒకాయన 1872లో గోడకు ఆనించకుండా తనంతట తాను నిలబడే నిచ్చెన చేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లాంటి చోట్ల యాభై మీటర్లు దాటి లేచే బండ్లున్నాయి. మనకీ కావాలని అడుగుతుంటారు. కావాలి నిజమే. కానీ అది లేవాలంటే ముందు నాలుగు కాళ్లు చాపుకుని కూర్చోవాలి, కింద నేల గట్టిగా ఉండాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట సందుల్లో అది కాళ్లెక్కడ చాపుతుంది? ఆ సందులకు పనికొచ్చేది బుల్లెట్ బండి. చిన్న ట్యాంకులు, నీళ్లను పొగమంచులాగా కొడుతుంది. చుక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా ఆవిరై వేడి లాక్కుంటుంది. మోటారు సైకిల్ కదా అని తీసిపారేయకండి, మొదటి ఐదు నిమిషాల్లో అది చేసే పని తర్వాత గంటకు నా పెద్ద బండి చేయలేదు. హైవే మీద ఆక్సిడెంట్లకు రెస్క్యూ టెండర్ ఉంది. దాంట్లో ప్రధానంగా ఉండేవి కట్టర్లు, జాకీలు, లైట్లు. రేకు కోసి మనిషిని తీస్తారు. ఈ మధ్య మా వాళ్లకు మంటల కన్నా ఆ పనే ఎక్కువైంది.

ఆ పెద్దాయన ఏదో అడుగుతున్నారు. ఆ... పాత బండ్లు మన జిల్లాలో ఎక్కడన్నా ఉన్నాయా అని. మంచి ప్రశ్న అయ్యా. మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇల్లు కదలకుండానే జిల్లాలు తిరిగినవాళ్లం. మనుషులం మనమే ఇట్టా తిరుగుతుంటే పాత బండి ఎక్కడికి పోయిందో ఎవరు చూశారు? చట్టం ప్రకారం వింటేజ్ అనాలంటే యాభై ఏళ్లు దాటాలి, బండి అసలు రూపం చెడకూడదు. సర్కారు బండ్లకేమో పదిహేనేళ్లు దాటితే తుక్కే అని 2023 ఏప్రిల్ నుంచి రూలు. మరి పదిహేనుకే తుక్కయ్యేది యాభై ఏళ్లు ఎప్పుడు చూస్తుంది? పొగ పీల్చే పాత లారీని రోడ్డు మీద తిప్పమని నేననను. బ్రేకులు పడని బండి నేనూ తోలాను, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. బండిని తుక్కుకు ఇవ్వండి. పంపు ఒక్కటి విప్పి స్టేషన్ వరండాలో పెట్టమని మాత్రం అడిగాను, ఒకచోట, ఒకరిని. లోపల అంతా గన్‌మెటల్, తుప్పు పట్టదు. ఐటీఐ పిల్లలు వచ్చి మూత విప్పి చక్రం చూస్తారు కదా అని. ఫైలు పెట్టమన్నారు. పెట్టాను. తర్వాత నేను రిటైరయ్యాను.

మీలో ఎవరి దొడ్లో అన్నా, మిల్లులో అన్నా, పాత ట్రెయిలర్ పంపు పడుంటే పాత ఇనుపసామాన్ల వాడికి వేసే ముందు నాకొక మాట చెప్పండి. గన్‌మెటల్‌కు రేటు ఎక్కువని వాడికి తెలుసు, మీకు చెప్పడు. నేను వచ్చి చూస్తా, నా చార్జీలు నేనే పెట్టుకుంటా.

ఇక బయటికి పోదాం, చీకటి పడితే గేజి కనపడదు. పిల్లలు ముందు రండి. తోసుకోవద్దు. ఇవాళ స్టేషన్ వాళ్లను బతిమాలి బండిలో నీళ్లు సగమే ఉంచమన్నా. ముందు సైరన్ వేయమని అడుగుతారు, నాకు తెలుసు, వేయను. పీటీవో లివరు ఎక్కడుందో కనిపెట్టినవాడికే వేస్తా.